కళావతి శుక్రవారాలు

ఆ యేడు ఈస్టరుకు ముందు వచ్చే మా తపస్సు కాలమూ, ఇక్కడి వాళ్ళ రంజాను నెలా కలిసి వచ్చాయి. కువైటులో, రుమైథియా పేటలో మా వీధి పగలంతా నిద్రపోతున్నట్టు ఉండేది. పొద్దు వాలేసరికి ప్రతి వంటింట్లోనూ నూనె కాగేది. మా మామా ఉపవాసం, నేను ఉపవాసం. ఇళ్ళల్లో పనిచేసే మేము ఇక్కడ యజమానురాలిని మామా అంటాం. పక్కింట్లో పనిచేసే కళావతికి మాత్రం ఏ ఉపవాసమూ లేదు. అన్నం సయించక పస్తుండేది.

కళావతిది రాయచోటి పక్క పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి. ఆరేళ్ళ కొడుకు మహేష్‌ను తల్లి దగ్గర వదిలి వచ్చింది. వాడికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. ఉగాది దాటాక తిరుపతిలో ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు. ఆమె ఫోను ఆమె దగ్గరే ఉండేది, ఎవరూ లాక్కోలేదు. కాని పని తెమిలి ఫోను చేతికి తీసుకునే వేళకు అక్కడ అర్ధరాత్రి దాటిపోయేది. వాళ్ళమ్మ లేచి లైటు వేసి, నిద్రపోతున్న పిల్లవాడి ముఖం మీద ఫోను పట్టుకునేది. కళావతి దాన్నే చూసుకుని పడుకునేది.

చెత్త పడేయడానికి ఇద్దరం బయటికి వచ్చినప్పుడు ఈ సంగతంతా నాతో చెప్పింది. చివర ఇలా అంది:

“నా కొడుకు కండ్లు తెరిచింటే చూసి ఎన్నాళ్ళాయనో పెద్దమ్మా. ఆపరేషన్‌లో ఏమన్నా అయితే నాకు వాడు నిద్దరపోయిన మొగమే మిగులుతాది. శుక్రవారం నన్ను గూడా మీ గుడికి పిల్చుకపో.”

వాళ్ళ మామా చెడ్డదేమీ కాదు, గట్టిది. గుడికైతే పొమ్మంటుంది, బజారుకైతే వద్దంటుంది. శుక్రవారం మా గుడిలో, అంటే చర్చిలో, తెలుగు పూజ జరుగుతుంది. ఇక్కడ సెలవు ఆ రోజే కాబట్టి ఆదివారం పూజ శుక్రవారమే చేసుకుంటాం. కళావతి తాను కూడా మా మతమేనని వాళ్ళ మామాకు చెప్పింది. ఆవిడ గేటు దగ్గర నన్ను చూసి నిజమేనా అన్నట్టు తల ఎగరేసింది. నాతోనే వస్తుంది, నాతోనే తిరిగి వస్తుంది అన్నాను. అది అబద్ధం కాదు. అయినా ఆ రోజు బస్సులో కూర్చున్నంతసేపూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

నేను అన్నిటికీ భయపడే మనిషిని. బడికి పోయినదాన్ని కాను. కంఠతా వచ్చిన జపాలు పుస్తకంలో ఎక్కడున్నాయో ఒకరితో చూపించుకుని, వాటి కింద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు పూజలో బైబిలు మొదటి పఠనం చదువుతాను. చదవడానికి భయం లేదు. మనుషులు వెళ్ళిపోవడమంటేనే భయం. నేను కువైటుకు బయలుదేరిన రోజు మా ఆయన బస్సు కిటికీలోంచి నా చేతికి సోడా సీసా అందించాడు. అదే ఆఖరి చూపని అప్పుడు తెలియదు. అప్పటినుంచీ ఎవరు ఊరికి పోతున్నా నేను విమానాల దగ్గరికి పోను.

గుడి ఆవరణలో మరియమ్మ తల్లి గుహ పక్కన ఒక గోడ ఉంది. కళావతి శుక్రవారాలు ఆ గోడ దగ్గరే గడిచాయి. అక్కడ నిలబడి ఫోను చేసేది. ఊళ్ళో అది మధ్యాహ్నం వేళ. మహేష్ మేలుకుని ఉండేవాడు. పలక చూపించేవాడు, ఊడిన పన్ను చూపించేవాడు, పక్కింటి మేకపిల్లను ఎత్తుకొచ్చి చూపించేవాడు. దాన్ని ఎత్తుకున్నందుకే ఆయాసపడేవాడు. పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉండేవి. కళావతి మాట్లాడినంతసేపూ నవ్వేది. ఫోను పెట్టేశాక కొంగుతో ముఖం తుడుచుకుని హాల్లోకి వచ్చేది.

హాల్లో మా తెలుగు వాళ్ళకు వారంవారం ఒక పని ఉంటుంది. సులైబియాలో గోదాముల్లో, యార్డుల్లో పనిచేసే కూలీలకు అన్నం పొట్లాలు కట్టి పంపుతాం. నిజామాబాదు వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, బంగ్లాదేశీలు, ఎవరైతేనేం. రంజాను కాబట్టి ఆ నెలంతా పొట్లాలు సాయంత్రానికి చేరేట్టు పంపేవాళ్ళం. ఆ పనికి పెద్ద పెద్దిరాజు. ఆయనది భీమవరం వైపు. పూజలో సత్ప్రసాదం, అంటే గురువులు ఆశీర్వదించిన పల్చటి గోధుమ అప్పం, ఇచ్చేటప్పుడు వరస పక్కన బ్యాడ్జి పెట్టుకుని నిలబడేదీ ఆయనే. అప్పాన్ని ఎవరూ చేతిలో పెట్టుకుని వెళ్ళిపోకుండా, అక్కడే నోట్లో వేసుకునేలా చూడాలి. ఆయన చూపు తప్పించుకోవడం కష్టం.

మొదటి వారమే కళావతిని ఆపాడు.

“ఏ విచారణమ్మా మీది? అంటే, ఊళ్ళో ఏ గుడి కిందకొస్తారండీ?”

“రాయచోటి సామీ.”

“రాయచోటిలో గుడి ఉందాండీ?”

“ఎందుకు లేదు సామీ? వీరభద్రసామి గుడి. శానా పెద్దది.”

నా చేతిలో ఉల్లిపాయ కింద పడింది. పెద్దిరాజు నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏ తప్పూ లేదు.

“సన్నగా తరగండమ్మా. పోయినవారం ముక్కలు అరచెయ్యంత ఉన్నాయి,” అని వెళ్ళిపోయాడు.

రెండు శుక్రవారాలు అలా గడిచాయి. ఆ హాల్లో అందరికన్నా చకచకా పనిచేసేది కళావతే. పూజ జరిగేటప్పుడు వెనక బెంచీలో కూర్చుని, అందరూ లేస్తే లేచేది, మోకరిస్తే మోకరించేది. వరసలోకి మాత్రం రావద్దని నేను ఆమెకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఆపరేషన్ తేదీ తెలిసిన వారం పఠనం చదివే వంతు నాకు వచ్చింది. ముందు బెంచీలో కూర్చున్నాను కాబట్టి వెనక ఏం జరిగిందో నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె రవికలోంచి రుమాలు తీసి, మడతలు విప్పి, నా ఒడి దగ్గరగా పట్టుకుని చూపించింది. అందులో సత్ప్రసాదం ఉంది. అంచు కూడా విరగలేదు.

“పెసాదం, పెద్దమ్మా. గంగాధరన్న బుధవారం ఊరికి పోతాండాడు. ఆయనతో పంపిచ్చా. ఆపరేషన్‌కు పోయే ముందర మా పిల్లోని నోట్లో ఎయ్యమని మాయమ్మకు చెప్పినా.”

గంగాధర షర్క్ చేపల మార్కెట్లో మంచు పెట్టెలు మోస్తాడు. కడప వైపు వాళ్ళు ఊరికి ఏం పంపినా ఆయన చేతే పంపుతారు.

“నువ్వు నోట్లో ఏసుకోల్యా?” అన్నాను.

“నేను తింటే వానికేం వచ్చాది?”

మాకది అప్పం కాదు, సాక్షాత్తూ ప్రభువు. సంచిలో పెట్టుకుపోయేది కాదు, ఒకరి చేత పంపేది కాదు. కళావతి వాళ్ళలో దేవుడి దగ్గర చేతిలో పడిన ప్రసాదాన్ని ఇంట్లో వాళ్ళకు దాచకుండా అక్కడే తినేసేది స్వార్థపరురాలు. నాకు రెండూ తెలుసు. నేను పుట్టిందీ ఆ ఊళ్ళలోనే. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా నా చెయ్యి ఆమె చేతి మీదికి పోయింది. ఏదో ఒకటి చెప్పాలి గనుక, శుభ్రమైన చోట పెట్టు, దాని మీద ఏ వస్తువూ పెట్టవద్దు అని మాత్రం చెప్పాను. ఆమె సంతోషపడింది. నేను దాన్ని గౌరవించానని అనుకుంది.

రెండు రోజులు పక్కింటి గోడ వైపే చూశాను. గోడ అవతల, ఏ పెట్టెలోనో, ఏ చీమలో పట్టే చోట ప్రభువు ఉన్నాడు. చెబితే గుడి వాళ్ళు ఆమెను రానివ్వరేమో. రానివ్వకపోతే ఆమె శుక్రవారం పోతుంది, శుక్రవారంతో పాటు మేలుకుని ఉన్న కొడుకూ పోతాడు. చెప్పకపోతే బుధవారం గంగాధర సంచిలో, చేపల వాసన మధ్య, అది విమానం ఎక్కుతుంది. సోమవారం మా గురువులు బాలశౌరి ఫాదర్ గారికి ఫోను చేశాను.

ఆయన అంతా విన్నారు. ఆమె తెలిసి చేసిన తప్పు కాదమ్మా అన్నారు. తాను వచ్చి తీసుకోవచ్చు గాని, ఆ ఇంటి వెనక గుమ్మంలో ఒక మగమనిషి నిలబడితే ఆ పిల్లకే చెడ్డపేరన్నారు. ఆమె చేత గుడికి తెప్పిద్దామంటే శుక్రవారానికి ముందు వాళ్ళు బయటికి పంపరు. చివరికి ఇలా అన్నారు:

“నువ్వే నోట్లో వేసుకుని లోకొను ఇన్నాసమ్మా. భక్తితో, ఆ బిడ్డ పేరు చెప్పుకుని లోకొను.”

“ఆ పిల్ల ఇయ్యకపోతే సామీ?”

“లాక్కోవద్దు. నాకు ఫోన్ చెయ్యి.”

మంగళవారం మధ్యాహ్నం, ఇళ్ళన్నీ పడుకున్నాక, వాళ్ళ మేడ మీద ఇస్త్రీ గదికి వెళ్ళాను. కళావతి తెల్లటి అంగీలు ఇస్త్రీ చేస్తోంది. వాళ్ళ మగవాళ్ళు పండక్కి తొడుక్కునేవి. నేను నిలబడే చెప్పాను. అది పంపకూడనిదని, మాలో ఎవరూ పంపరని, మా గురువులు నన్ను లోకొనమన్నారని చెప్పాను. ఆమె ఇస్త్రీ ఆపలేదు.

“పంపకూడదని ముందరే చెప్పొచ్చు గదా.”

“నాకు నోరు రాల్యా.”

“వారం వారం అంతమంది తింటాండారు. ఎవురికి బాగయినాది?”

ఆమె ఒక అంగీ చేతి మడతను మళ్ళీ మళ్ళీ రుద్దింది.

“నువ్వు తింటే నా కొడుకు గుండె బాగయితాదా పెద్దమ్మా?”

“నాకు తెలీదు తల్లీ.”

ఆమె ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. అలమర పైనుంచి ఖాళీ పౌడరు డబ్బా తీసింది. లోపల దూది పరిచి, దాని మీద రుమాలు పెట్టి, అందులో సత్ప్రసాదాన్ని దాచి ఉంచింది. అంత శుభ్రంగా నేను కూడా పెట్టి ఉండను. మూత తీసి నా ముందు పట్టుకుంది. ఇవ్వను అనలేదు. నేను ఆ బట్టల మధ్య మోకరించి, పాత్రురాలిని కానని చెప్పే జపం చెప్పుకుని, మహేష్ పేరు చెప్పుకుని, నోట్లో పెట్టుకున్నాను. నాలుక ఎండిపోయి ఉంది. అది అంగిలికి అతుక్కుని ఎంతకూ కరగలేదు. ఆమె చూపు నా గొంతు మీదే ఉంది. ఒక తల్లి బిడ్డకని దాచినదాన్ని ఆమె కళ్ళ ముందే తిన్నాను. అది ప్రభువు ఆజ్ఞ అనుకున్నా నాకు తేలిక కాలేదు.

తర్వాత రుమాలు ఇవ్వమన్నాను. దాన్ని నీళ్ళలో జాడించి ఆ నీళ్ళు మట్టిలో పోయాలి. అది మా పద్ధతి.

“మా వూరి పూజారికి గూడా ఇంత మడి లేదు పెద్దమ్మా,” అంది. అంటూ నవ్వలేదు. రుమాలు ఇచ్చి మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది.

ఆ శుక్రవారం ఆమె రాలేదు. పని ఉందని ఆ ఇంటి పిల్లలతో చెప్పి పంపింది. పై శుక్రవారమూ రాలేదు. ఉల్లిపాయలు నేనే తరిగాను. పెద్దిరాజు పొట్లాలకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ వేస్తూ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

“ఆవిడ రావట్లేదేవిటండీ?”

“పని ఎక్కువంట.”

ఆయన ఇంకో రెండు పొట్లాలు కట్టాడు.

“ఆ వారం నేను వరస పక్కనే ఉన్నానండీ. ఆవిడ చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు. చూశాను.”

నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. మరి ఆపలేదే అన్నాను.

“ఆపాలండీ. నా పనే అది. కాకపోతే, అంతకుముందు గోడ దగ్గర ఆవిడ ఫోన్లో ఆ బాబుని చూశాను. నా కాళ్ళు కదల్లేదు.” చేతిలో రబ్బరు బ్యాండు తెగింది. ఇంకొకటి తీసుకున్నాడు. “ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసి తప్పు ఒప్పుకున్నాన్లెండి. ఆవిణ్ణి రమ్మనండి. వరసలో చేతులు గుండెల మీద పెట్టుకుని వస్తే దీవెన ఇస్తారు. బాబు కోసం అడగమనండి.”

ఆ మాట చేరవేద్దామని వెళితే కళావతి వెనక తలుపు తీయలేదు. తలుపు అవతలినుంచే, మీ దేవుడు మీకే ఉండనీ పెద్దమ్మా అంది. పిల్లవాడిని చూశావా అని అడిగాను. పండుకోనుంటే చూసినా అంది.

ఆపరేషన్‌కు ఇంకా కొద్ది వారాలే ఉంది. నా మీద కోపంతో ఆమె తన శుక్రవారాన్ని తానే పోగొట్టుకుంది. నాకు ఒకటే దారి కనబడింది. నిజం చెబితే వాళ్ళ మామా ఆమెను పనికి కుదిర్చిన ఏజెన్సీకి తిప్పి పంపినా పంపవచ్చు. అలా వెళ్ళిపోయిన పిల్లలను నేను చాలామందిని చూశాను. ఒక సంచీ, ఒక టాక్సీ, వెనక అద్దంలో ఒక ముఖం.

రంజానులో ఉపవాసం విడిచే వేళకు ఇరుగు పొరుగు ఇళ్ళు గిన్నెలు మార్చుకుంటాయి. మా మామా ఇచ్చే గోధుమ హరీసు గిన్నెను పక్కింటికి తీసుకుపోయేది నేనే. ఆ సాయంత్రం గిన్నెను గుమ్మంలో ఇచ్చి రాకుండా లోపలికి నడిచాను. వాళ్ళ మామా బల్ల ముందు కూర్చుని ఉంది. కళావతి సమోసాల పళ్ళెంతో వంటింటి తలుపులో నిలబడింది. నాకు వచ్చిన వంటింటి అరబ్బీలో చెప్పాను. ఈ పిల్ల మా మతం కాదు. గుడికి వచ్చేది కొడుకును చూసుకోవడానికి. కొడుకుకు గుండె బాగలేదు. రాత్రి చూద్దామంటే వాడు నిద్రపోతాడు.

ఆవిడ గిన్నె అందుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత, రంజానులో అబద్ధమా అంది. అది కళావతితో అన్నదో నాతో అన్నదో తెలియలేదు. ఇంకా తర్వాత, వాడికి ఎన్నేళ్ళు అని అడిగింది. ఆరు వేళ్ళు చూపించాను. మసీదులో అజాన్ వినబడింది. ఆవిడ ఖర్జూరాల పళ్ళెం నా వైపు జరిపింది. ఆ రోజు నా ఉపవాసం కూడా ఆ ఖర్జూరంతోనే ముగిసింది.

తీర్పు రెండు మాటల్లో చెప్పింది. తనది కాని గుడికి ఆమె ఇక పోకూడదు. రోజూ మధ్యాహ్నం దాటాక వచ్చే అసరు నమాజు కాగానే వంటింట్లో కూర్చుని కొడుకుతో మాట్లాడుకోవచ్చు, ఆ తర్వాతే పని.

కళావతి నన్ను వెనక గుమ్మం దాకా సాగనంపింది.

“నన్ను పంపిచ్చేసింటే?”

“నాకూ అదే భయం.”

“అయినా చెప్పినావు.”

తలుపు వేసుకుంది. మెల్లగానే వేసుకుంది.

అప్పటినుంచి శుక్రవారాలు నేనొక్కదాన్నే బస్సెక్కాను. రంజాను పండగ వచ్చింది, ఉగాది వచ్చింది, ఈస్టరుకు ముందరి మ్రానికొమ్మల ఆదివారం వచ్చింది. ఏ రోజూ ఆమె పలకరించలేదు. సాయంత్రం బట్టలు తీయడానికి మేడెక్కితే వాళ్ళ వంటింటి కిటికీ కనబడేది. ఫోను పెట్టుకుని కూర్చుని, దానితో నవ్వుతూ ఉండేది. నేను బట్టలు ఒక్కొక్కటే తీసేదాన్ని.

పిల్లవాడు బతికాడు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఏ పుస్తకం చదివినా ఇలాంటిది చివరిదాకా దాస్తే నేను ఆగలేక ముందుకు తిప్పి చూసుకుంటాను. వాడిప్పుడు రెండో తరగతి. కళావతి ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, గడువు ముగిసిన తర్వాత ఊరికి వెళ్ళిపోయింది. గేటు దగ్గరికి కూడా నేను పోలేదు. ఆమెకు తెలుసు నేను పోనని, మా వంటింట్లోకే వచ్చి నా చేతిలో నాలుగు నిమ్మకాయలు పెట్టి పోయింది. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. కాని నాకు గుర్తుండేది ఆమె వెళ్ళిన రోజు కాదు. ఆపరేషన్ రోజు.

అది పెద్ద శుక్రవారానికి, అంటే గుడ్ ఫ్రైడేకి, ముందు బుధవారం. వంకాయలు కోస్తుంటే వెనక తలుపు చప్పుడైంది. కళావతి. కాళ్ళకు చెప్పులు లేవు. లోపలికి వచ్చి, ఏమీ అనకుండా ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టింది.

“వాడు నిన్ను అడుగుతాండాడు. రోజూ నీ కతే చెప్పినా వానికి.”

మహేష్ ఆకుపచ్చ గౌనులో, చక్రాల మంచం మీద పడుకుని ఉన్నాడు. తలకు టోపీ. వాళ్ళ అవ్వ ఫోను పట్టుకుంది, వాడి ముఖం పైకీ కిందికీ ఊగుతోంది.

“అవ్వా, నా పెసాదం నువ్వు తినేసినావంట గదా?”

“తినేసినా నాయనా. నీ పేరు చెప్పుకోని తినేసినా.”

వాడు ఆలోచించాడు.

“తియ్యగుండెనా?”

“లేదు నాయనా. సప్పగుండె.”

“అట్లయితే పోనీలే.”

కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, ఆమె భుజం నా భుజానికి తగులుతూ ఉంది. అక్కడ ఎవరో నర్సమ్మ ఇక చాలమ్మా అంది. మంచం కదిలింది.

“పోతాండా మా,” అన్నాడు వాడు.

“పోయొచ్చా అను,” అన్నాం మేమిద్దరం ఒక్కసారే.

వాడు అన్నాడో లేదో, తలుపు మూసుకుంది, వినబడలేదు. వాళ్ళ అవ్వ ఫోను ఆపడం మరిచిపోయి ఎక్కడో ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. ఆసుపత్రి పైకప్పూ, ఒక ట్యూబులైటూ కనబడుతున్నాయి. అప్పుడప్పుడూ ఎవరివో చెప్పుల చప్పుళ్ళు. కళావతీ ఫోను ఆపలేదు. వంకాయ ముక్కలు గిన్నెలో నల్లబడుతున్నాయి. మేమిద్దరం ఆ పైకప్పునే చూస్తూ నిలబడ్డాం.